మొగలిని ఇంట నాటవచ్చునా? పెరటి పువ్వులకు పెద్దలు చెప్పిన అర్థాల గురించి ఒక సందేహం

బరంపురం పెరడు

అందరికీ నమస్కారం. మాది బరంపురం. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడక ముందు ఈ ఊరు మద్రాసు రాజధానిలో ఉండేది కనుక, మా మామగారి తాతల నాటి నుంచి ఇంటిలో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుకుంటూనే మా కుటుంబం ఇక్కడ స్థిరపడిపోయింది. మా కోడలు ఒడియా అమ్మాయి. అందువల్ల మా పెరటిలో ఒక్కొక్క మొక్కకు రెండేసి పేర్లున్నాయి. నేను నందివర్ధనం అంటే ఆమె టగర అంటుంది, నేను చేమంతి అంటే ఆమె సేబతీ అంటుంది. మందారం విషయంలో మాత్రం మా ఇద్దరికీ పేచీ లేదు.

2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానుకు మా అత్తగారు నాటిన సంపెంగ చెట్టు ప్రహరీ గోడ మీద పడి, గోడను కూడా తీసుకుపోయింది. ఆ తరువాత చాలాకాలం ఆ చోట ఏమీ పెట్టబుద్ధి కాలేదు. నాలుగేళ్ల క్రితం ఉద్యోగ విరమణ చేసిన తరువాతనే మళ్లీ మట్టి తిరగవేయించి మల్లె, సన్నజాజి, నందివర్ధనం, బంతి, కనకాంబరం వేశాను. పాత చెట్టు గుర్తుగా ఒక నర్సరీ నుంచి సంపెంగ మొక్క కూడా తెచ్చాను. అది నా తల దాటి పెరిగింది కానీ ఇంతవరకు ఒక్క మొగ్గ వేయలేదు. వెళ్లి అడిగితే వచ్చే ఏడు పూస్తుందని ఏటా అదే మాట చెబుతున్నారు.

నా అసలు సందేహం వేరు. పక్కింటి ఒడియా మావుసి ప్రేమతో ఒక గంగశిఉళి మొక్క ఇచ్చారు, అంటే మన పారిజాతం. నాటిన మరునాడే బంధువు ఒకరు వచ్చి, అది రాత్రంతా ఏడ్చి తెల్లవారేసరికి పూలన్నీ రాల్చేసుకునే చెట్టు కనుక ఇంటి ముంగిట ఉండకూడదని చెప్పి వెళ్లారు. ఇక మొగలి విషయానికి వస్తే, చిన్నతనంలో మా అమ్మ పట్టుచీరల మడతల మధ్య మొగలిరేకులు పెట్టేది. బీరువా తెరిస్తే వచ్చే ఆ వాసన కోసమే నేను పనిలేకపోయినా బీరువా తెరిచేదాన్ని. ఇప్పుడు ఒక మొగలి మొక్క పెడదామంటే, అది శివుని శాపం పొందిన పువ్వు, దేవతార్చనకు పనికిరానిది ఇంటికి ఎందుకని మా పురోహితులు అన్నారు. తొమ్మిదేళ్ల మా మనుమరాలు అక్కడే నిలబడి కథంతా విని, "మామ్మా, పువ్వు అబద్ధం ఎలా చెబుతుంది?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఈ పువ్వుకు ఈ అర్థం, ఈ పువ్వు ఈ దేవునికి అని పెద్దలు చెప్పిన మాటలకు ఆధారం పురాణమేనా, లేక పువ్వులోనే ఏదైనా కారణం ఉందా? తెలిసినవారు వివరంగా చెబితే ఆ పిల్లకు చెప్పుకుంటాను.

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)

అమ్మా, మీ మనుమరాలు అడిగినదే సరైన ప్రశ్న. దానికి నాకు తోచిన జవాబు ఇది. పురాణకథ పువ్వుకు అర్థం ఇవ్వదు, పువ్వు నడతను చూసిన మనుషులు ఆ నడతకు తగిన కథను అల్లుకున్నారు. పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుంది, ఎలా రాలుతుంది, దగ్గరకు రానిస్తుందా లేదా అన్నవి కథకు ముందే ఉన్నాయి.

మొగలినే తీసుకోండి. బ్రహ్మ, విష్ణువు తమలో ఎవరు గొప్ప అని వాదించుకున్నప్పుడు శివుడు ఆద్యంతాలు లేని అగ్నిస్తంభంగా నిలిచాడనీ, ఆ స్తంభం కొస చూడలేకపోయిన బ్రహ్మ తాను చూశానని చెప్పి, మొగలిపువ్వు చేత దొంగసాక్ష్యం పలికించాడనీ, అందుకే శివపూజలో దానికి చోటు లేకుండా పోయిందనీ మనం వింటూ ఉంటాం. అయితే ఇన్ని పూలుండగా ఆ నింద మొగలి మీదనే ఎందుకు పడింది? మీరు ఎప్పుడైనా మొగలి పొద దగ్గరకు వెళ్లి ఉంటే తెలుస్తుంది. వాసన వంద గజాల నుంచే పిలుస్తుంది. దగ్గరకు వెళ్తే పువ్వు కనబడదు, రంపపు పళ్ల వంటి ముళ్లున్న ఆకులే కనబడతాయి. ఆకుల మధ్య చేయి పెట్టి, లేత పసుపు రేకులు విప్పితే లోపల ఉండేది తెల్లని పొడి మాత్రమే. ఆ పుప్పొడి తుమ్మెద కళ్లలో పడుతుందనీ, ముళ్లు దాని రెక్కలను చీలుస్తాయనీ సంస్కృత కవులు ఎన్నిసార్లు వర్ణించారో లెక్కలేదు. పిలిచి, ఏమీ ఇవ్వకుండా గాయపరచి పంపే పువ్వు సాక్ష్యం చెబితే అది ఎటువంటి సాక్ష్యం అవుతుందో ఊహించడం పాతకాలపు మనిషికి కష్టం కాలేదు.

ఇక్కడ ఇంకొక చిత్రం ఉంది. మొగలిలో మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. మనం మొగలిపువ్వు అనే సుగంధం మగ మొక్కలదే. ఆడ మొక్క అనాసపండు వంటి కాయ కాస్తుంది, దానికి ఆ పరిమళం ఉండదు. చూడటానికి రెండు పొదలూ ఒక్కటే. ఇది మీ జిల్లాలో అందరికంటే అత్తరు భట్టీల వారికి బాగా తెలుసు. ఛత్రపురం నుంచి కింది వైపు సముద్రతీరం వెంబడి గట్ల మీద, పొలాల కంచెలుగా ఉన్న కియా (ఒడియాలో మొగలి) పొదల నుంచి వానకాలంలో తెల్లవారక ముందే పువ్వులు కోసి, వాసన తగ్గక మునుపే భట్టీకి చేర్చాలి. అక్కడ రాగి పాత్రలో నీటితో పాటు పువ్వులు వేసి, మూతకు మట్టి మెత్తి, కింద కట్టెలమంట పెట్టి, ఆవిరిని గొట్టం ద్వారా చన్నీటిలో ఉంచిన వేరొక పాత్రకు పంపుతారు. ఆ రెండో పాత్రలో ముందుగా గంధపు నూనె ఉంటే అత్తరు, నీరే దిగితే కేవడా (హిందీలో మొగలి) నీరు, శుద్ధమైన తైలాన్ని వేరు చేస్తే రూహ్. గంజాం కేవడా పువ్వుకూ, రూహ్‌కూ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. శివుడు వద్దన్న పువ్వు మీద ఒక తీరం తీరమే బతుకుతున్నది. మీ అమ్మగారి బీరువా కూడా ఆ శాపాన్ని ఖాతరు చేయలేదు కదా. పూజకు నిషేధం పూజ వరకే వర్తిస్తుంది, పెరటికి వర్తించదని నా అభిప్రాయం. పురోహితులు కోపగించుకుంటే నా పేరు చెప్పకండి.

పారిజాతం ఇందుకు సరిగ్గా ఎదురు. దాని కథలు రెండు. ఒకటి, శ్రీకృష్ణుడు ఇంద్రలోకం నుంచి తెచ్చి సత్యభామ పెరటిలో నాటగా, పువ్వులు మాత్రం రుక్మిణి వాకిట రాలాయన్నది. రెండవది, సూర్యుణ్ణి ప్రేమించి తిరస్కరింపబడిన రాజకుమార్తె చితాభస్మం నుంచి ఆ చెట్టు మొలిచింది కనుక, సూర్యుని ముఖం చూడలేక తెల్లవారేలోగా పూలు రాల్చుకుంటుందన్నది. మీ బంధువు ఆ రెండో కథ ఒక్కటే వినినట్లున్నారు. దాని లాటిన్ శాస్త్రనామంలో కూడా విషాద వృక్షం అన్న అర్థమే ఉంది. కానీ మన ఆచారం ఆ విషాదం దగ్గర ఆగిపోలేదు. నేల రాలిన పువ్వు దేవునికి పనికిరాదన్న నియమం ఉన్నచోటనే, పారిజాతం మాత్రం రాలితేనే పనికివస్తుందని పెద్దలు మినహాయింపు ఇచ్చారు. కొమ్మ మీద చేయి వేయనవసరం లేదు, తనంతట తానుగా ఇచ్చే పువ్వు అది. మా నాయనమ్మ శరత్కాలమంతా రాత్రి పడుకోబోయే ముందు చెట్టు కింద ఉతికిన పాత పంచె పరిచేది. తెల్లవారి నాలుగు కొసలూ పట్టి ఎత్తితే తెల్లని రేకుల మధ్య నారింజ తొడిమలతో పంచె బరువుగా వచ్చేది, అడుగున మంచుకు తడిసి అక్కడక్కడ పసుపు మరకలు ఉండేవి. ఒకప్పుడు ఆ తొడిమలతో పట్టుకు రంగు వేసేవారు. ముంగిటనే ఉంచండి, ఏమీ కాదు.

సంపెంగ గురించి ఒక్కమాట. ఇంత పరిమళం ఉన్నా తుమ్మెద దాని దగ్గరకు పోదని కవుల నమ్మకం. అందుకే దానిని అభిమానవతికి, కోటేరు వంటి ముక్కుకు పోల్చారు. నాలుగేళ్లు గడిచినా మీ ఇంట పూయలేదంటే ఆ అభిమానం కాస్త ఎక్కువైనట్లుంది.

ప్రాణహిత రేవు (సిరొంచ)

అక్కయ్య గారూ, మాది గడ్చిరోలి జిల్లాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచ. నది దాటితే తెలంగాణ. మీకు ఒడియా ఉన్నట్లే మాకు మరాఠీ ఉంది. మా అమ్మాయి బడిలో బంతిని ఝేండూ అని, మల్లెను మోగరా అని, పారిజాతాన్ని ప్రాజక్త అని నేర్చుకుని వస్తుంది. కనకాంబరానికి మరాఠీలో అబోలీ అని పేరు. అబోల్ అంటే మాట్లాడనిది. ఆ పువ్వుకు వాసన లేదు కనుక అది నోరు మెదపని పువ్వు అయింది. పెద్దలు పర్లాకిమిడి వారు చెప్పిన మాటకు ఇంతకంటే చిన్న ఉదాహరణ నాకు దొరకలేదు. అక్కడ కథ కూడా అవసరం లేకపోయింది, పేరే చాలింది.

రాలిన పువ్వు గురించి చదివినప్పుడు నాకు ఇప్పపువ్వు గుర్తుకు వచ్చింది. మా వైపు అడవి పల్లెలలో ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద బుట్టలతో ఆడవాళ్లు, పిల్లలు వంగి కనబడతారు. ఆ పువ్వునూ ఎవరూ కోయరు. రాత్రి చివరి జామున తనంతట తానే రాలుతుంది, ఎండ ఎక్కేలోగా ఏరుకోవాలి. గోండులు ఆ సంవత్సరపు తొలి పువ్వును వేల్పుకు సమర్పించిన తరువాతనే ఏరుకోవడం మొదలుపెడతారు. అందులో విషాదం అన్న ఊహే లేదు, ఎందుకంటే అది తిండి పువ్వు. ఎండబెట్టి దాచుకుంటే ఏడాదంతా పనికివస్తుంది. పారిజాతమూ ఇప్పా ఒకేలా రాలుతున్నా, ఒకదానిని ఏడుపు అన్నారు, ఇంకొకదానిని సిరి అన్నారు. కాబట్టి పువ్వు నడత ఒక్కటే చాలదనీ, చూసేవారి కడుపు కూడా అర్థం చెబుతుందనీ నేను పెద్దలతో కొంచెం విభేదిస్తున్నాను.

ఇక బతుకమ్మ. పెరటి పూల కంటే బీడు పూలకు పెద్దపీట వేసిన పండుగ అది. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగిసే ఆ తొమ్మిది రోజులూ, నీళ్లు పోసి పెంచిన గులాబీకి లేని గౌరవం ఎవరూ నాటని తంగేడుకు ఉంటుంది. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, మొదటి వరుస తంగేడు పెట్టి, దాని మీద గునుగు, బంతి, చామంతి ఒక్కొక్క వరుసగా గోపురంలా పేర్చి, కొసన పసుపు గౌరమ్మను నిలుపుతాము. తంగేడు ముత్తైదువ పసుపుకు గుర్తు. గునుగు జొన్నచేలలో కలుపు మొక్క, రైతు పీకి పారేస్తాడు. ఆ కలుపునే ఆడవాళ్లు కట్టలు కట్టి, కొసలు సమంగా కోసి, రంగులలో ముంచి దేవతను చేస్తారు. చిన్నప్పుడు గునుగు కట్టలకు గులాబీ రంగు అద్దేది నేనే. పండుగ అయిన వారం వరకు నా గోళ్లు ఆ రంగులోనే ఉండేవి, బడిలో మరాఠీ పంతులమ్మ దానిని గోరింటాకు అనుకునేవారు.

దసరాకు మా ఇంట్లో జమ్మి ఆకు బంగారం, పక్కింటి మరాఠీ వారికి ఆపటా ఆకు బంగారం. మా ఇంటి ఆంజనేయునికి తమలపాకుల దండ, వాళ్ల మారుతికి శనివారం జిల్లేడు ఆకుల దండ. దేవుడు ఒక్కడే, గోడకు అవతల ఆకు మారుతుంది. మీ మనుమరాలికి రెండు వైపుల అర్థాలూ నేర్పండి, ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని మాత్రం చెప్పవద్దు.

వంశధార మొక్కలు (గుణుపురం)

నేను గుణుపురంలో చిన్న నర్సరీ నడుపుతున్నాను. కథల సంగతి పెద్దలకు వదిలి, మొక్కల సంగతి చెబుతాను.

మీ సంపెంగ గింజ మొక్క అయి ఉంటుంది. గింజ నుంచి మొలిచిన సంపెంగ పూతకు రావడానికి ఆరేడేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. అంటు మొక్క అయితే రెండు మూడేళ్లలోనే పూస్తుంది. కాండం అడుగున, మట్టికి జానెడు పైన, అతుకు గుర్తు వంటి కణుపు ఉందేమో చూడండి. లేకపోతే అది గింజ మొక్కే. కొట్టివేయకండి, కానీ ఎరువులు దట్టించి తొందరపెట్టకండి, ఆకు ఎక్కువై పూత ఇంకా ఆలస్యమవుతుంది. ఇటువంటిదే ఇంకొక మోసం అశోకం పేరుతో జరుగుతుంది. నిటారుగా స్తంభంలా పెరిగే నరమామిడిని అశోకం అని అమ్ముతారు. సీతమ్మ కూర్చున్న చెట్టు అది కాదు. అసలు అశోకానికి నారింజ, ఎరుపు రంగుల గుత్తులు మాను మీద, కొమ్మల మీద పూస్తాయి. ఒడిశా రాష్ట్ర పుష్పం అదే. చైత్రశుద్ధ అష్టమినాడు శోకం కలగకూడదని నీటిలో వేసి మింగే మొగ్గలు దానివే. నరమామిడి మొగ్గలు మింగి శోకం పోలేదని బాధపడితే ఎవరిది పూచీ?

సంప్రదాయం అంటున్నారు కనుక ఒక మాట అడుగుతాను. బంతి మెక్సికో వైపు నుంచి పోర్చుగీసు వారి రాకపోకల కాలంలో మన దేశానికి వచ్చింది. దేవగన్నేరు, చంద్రకాంత కూడా అమెరికా ఖండం మొక్కలే. బిళ్లగన్నేరు మడగాస్కర్‌ది. ఇవాళ బంతి లేని గుమ్మం మంగళకరం కాదని అనుకుంటున్నాం. మరి ఐదారు వందల ఏళ్ల క్రితం మన గుమ్మాలు ఏమైనట్లు?

పిల్ల ఉన్న ఇల్లు కనుక ఒక హెచ్చరిక. గన్నేరు శివునికి ఇష్టమే కావచ్చు, కానీ మొక్క అంతా విషమే. పచ్చగన్నేరు కాయలోని పప్పు ప్రాణం తీస్తుంది. ఉమ్మెత్త కూడా అంతే. వాటిని పిల్లల చేతికి అందే చోట పెట్టకండి.

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)

గుణుపురం వారి ప్రశ్న నాకు నచ్చింది. బంతి పరదేశపు మొక్క అన్నది నిజమే. అయినా అది వచ్చిన కొద్దికాలానికే మన గుమ్మం ఎక్కిందంటే, గుమ్మానికి కావలసిన గుణాలు దానికి ఉన్నాయనే కదా అర్థం: పసుపు రంగు, పురుగులకు గిట్టని ఘాటు, దండకు గుచ్చినా రెండు మూడు రోజులు వాడని రేకు. మామిడాకు పక్కన ఖాళీగా ఉన్న ఉద్యోగంలో అది చేరింది. నేను మొదట చెప్పిన మాటకు ఇది బలమే. అయితే సిరొంచ సోదరి ఇప్పపువ్వుతో వేసిన దెబ్బకు నా దగ్గర సమాధానం లేదు. చూసేవారి కడుపు కూడా అర్థం చెబుతుందని ఒప్పుకుంటున్నాను.

బరంపురం పెరడు

అందరికీ కృతజ్ఞతలు. వారం రోజులుగా మీ మాటలన్నీ ఇంట్లో చదివి వినిపిస్తున్నాను. సంపెంగ మొదలు చూశాను. ఎక్కడా అతుకు లేదు, అది గింజ మొక్కే. అది పూసేనాటికి నా మనుమరాలికి జడ వేసుకునే వయసు వస్తుందని లెక్క వేసుకుని ఊరుకున్నాను. పచ్చగన్నేరు మొక్క ఒకటి గోడ పక్కన ఉండేది, తీయించివేశాను.

మీ మాటలు విని మా కోడలు తన వైపు సంగతులు రెండు చెప్పింది. భాద్రపదం ఆదివారాలలో పెళ్లికాని పిల్లలు ఖుదురుకుణీ ఓషా అనే వ్రతం చేసి, ఏరి తెచ్చిన పూలతో మంగళాదేవిని పూజిస్తూ, వదినల చేతిలో కష్టాలు పడిన తఅపొయి కథ చెప్పుకుంటారట. రెండవది, చైత్రమాసంలో పూరీలో జగన్నాథుని తరఫున ఉత్సవమూర్తులు తోటకు వెళ్లి దవనం దొంగిలించుకుని వస్తాయట. మనం మాలలో మల్లె పక్కన కట్టే ఆ దవనమే. ఈ రెండోది విన్నప్పటి నుంచి, తెల్లవారుజామున ప్లాస్టిక్ కవరూ, కొక్కెం కట్టిన కర్రా పట్టుకుని వచ్చి గోడ అవతల నుంచి నా మందారాలు, నందివర్ధనాలు కోసుకుపోయే పెద్దమనుషులను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. కొమ్మలు విరవకుండా కోసుకుంటే చాలునని ఒక అట్టముక్క మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాసి గోడకు తగిలించాను. మొగ్గలు కూడా వదలని ఒకరి కోసం అదనంగా ఇంకొక వాక్యం రాయవలసి వచ్చింది.

పారిజాతం ముంగిటనే ఉంది. మా మనుమరాలు దాని కింద పరచడానికి నా పాత నేతచీర ఒకటి ఇప్పటి నుంచే తీసి పెట్టుకుంది, చెట్టు ఇంకా దాని నడుము ఎత్తు కూడా లేదు.

పువ్వు అబద్ధం ఎలా చెబుతుందన్న ప్రశ్నకు, మీరు చెప్పిన ముళ్ల సంగతి, పుప్పొడి సంగతి అన్నీ చెప్పాను. అంతా విని, "అయితే వాసన లేని ఆడ పొద కూడా తాను మొగలినే అని నిలబడుతుంది కదా మామ్మా, అదే అబద్ధం" అని తేల్చివేసింది. అందువల్ల మొగలి నాటడమంటూ జరిగితే నిజం చెప్పే పొదనే తేవాలని షరతు పెట్టింది. గుణుపురం బాబూ, పూయని మొక్కను చూసి అది మగదో ఆడదో చెప్పడానికి ఏదైనా మార్గం ఉందా?

వంశధార మొక్కలు (గుణుపురం)

పూయనప్పుడు చూసి చెప్పలేమమ్మా. గింజ మొక్క తీసుకోవద్దు. నిరుడు పువ్వు కోసిన పొదను గుర్తుపట్టి, దాని మొదట్లో వచ్చిన పిలకనే అడగండి, తల్లి ఏదైతే పిలక అదే. ఛత్రపురం వైపు పువ్వులు కోసేవారికి ఏ పొద ఏదో ఇంటి గుమ్మాలంత బాగా తెలుసు. తొలి వానలు పడగానే నాటండి. పెద్దదైతే పది పన్నెండు అడుగుల మేర ఆక్రమిస్తుంది కనుక, మీ ఫైలిన్ సంపెంగ కూలిన మూల ఇంకా ఖాళీగా ఉంటే అక్కడ సరిపోతుంది. దారికి మాత్రం దగ్గరగా వద్దు, ముళ్లు చీరలను పట్టుకుంటాయి.